ఏళ్ల తరబడి వెట్ వైప్స్ వాడిన ఇంటి నుంచి ఒక సమీక్ష

పాప పుట్టినప్పటి నుంచి డైపర్లు మానేదాకా మా ఇంట్లో వెట్ వైప్స్ ప్యాకెట్ లేని రోజు లేదు. మూడు నాలుగు కంపెనీలవి మార్చి మార్చి వాడాం. తుడిచే పనిలో దేనికీ వంక పెట్టలేను. రైలు ప్రయాణంలోనైతే వాటికి సాటి లేదు.

ఇంట్లో గుడ్డ తడిపి డబ్బాలో పెట్టి మూత వేస్తే ఒకటి రెండు రోజుల్లో ముక్కిపోయిన వాసన కొడుతుంది. వైప్ మాత్రం ప్యాకెట్లో నెలల తరబడి తడిగానే ఉంటుంది, బూజు పట్టదు. ఊరికే అలా ఉండదు కదా! అందులో సూక్ష్మజీవులను పెరగనివ్వని రసాయనాలు వేస్తారు. '99 శాతం నీరు' అని పెద్ద అక్షరాల్లో వేసిన ప్యాకెట్ మీదే ఆ మిగిలిన ఒక్క శాతం వివరాలు ఎంత చిన్నగా ఉన్నాయంటే, ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవాల్సి వచ్చింది. పైగా వైప్‌తో తుడిచాక ఎవరూ కడగరు. ఆ తడి మీదే డైపర్ బిగిస్తాం.

పాపకు తొడ మడతల్లో ఎర్రగా కందిపోయేది. డైపర్ కంపెనీ మార్చినా తగ్గలేదు. వైప్స్ ఆపేసి గోరువెచ్చని నీళ్లు, నూలు గుడ్డ వాడమన్నారు పిల్లల డాక్టరు. వారం తిరక్కుండానే చర్మం మామూలైంది. అందరు పిల్లలకూ ఇలాగే అవుతుందని కాదు. కానీ వైప్స్‌లో విరివిగా వాడిన మిథైల్ఐసోథియాజోలినోన్ అనే నిల్వ రసాయనాన్ని అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి 2013లో 'ఈ ఏటి అలర్జీ కారకం'గా ప్రకటించింది. కడగకుండా ఒంటి మీదే వదిలేసే ఉత్పత్తుల్లో దాన్ని ఐరోపా సమాఖ్య 2017 నుంచి నిషేధించింది. కొనే ముందు ఆ పేరూ, సువాసన ద్రవ్యాలూ ఉన్నాయేమో చూడండి.

ఇక గుడ్డ సంగతి. పట్టుచీర కొనేటప్పుడు పోగు కాల్చి చూసినట్లు, ఆరిన వైప్ అంచుకు అగ్గిపుల్ల అంటించాను. నూలైతే బూడిద రాలాలి. ఇది ముడుచుకుపోయి చివర నల్లని గట్టి పూస కట్టింది. పాలిస్టర్! తడిలో చిరగకుండా ఉండేందుకు కలుపుతారు. తొలకరికి కరివేపాకు కుండీలో పాతిన వైప్‌ను సంక్రాంతికి తవ్వి కుళాయి కింద కడిగితే ఒక్క చిల్లు లేదు.

ఇలాంటిది టాయిలెట్లో వేస్తే ఏమవుతుందో మా అపార్ట్‌మెంటులో చూశాం. ప్లంబర్ పైపులోంచి లాగినది జుట్టు, జిడ్డు, వైప్స్ పెనవేసుకున్న తాడు. లండన్ వైట్‌చాపెల్ మురుగు కాలువలో 2017లో బయటపడిన ఇలాంటి గడ్డ పొడవు 250 మీటర్లు, బరువు దాదాపు 130 టన్నులు. మన దేశంలో 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పుల్లలున్న ఇయర్‌బడ్స్ లాంటి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు కానీ ఆ జాబితాలో వైప్స్ లేవు. ఐరోపాలో ప్లాస్టిక్ ఉన్న వైప్స్ ప్యాకెట్ మీద ఆ మాట అచ్చు వేయాల్సిందే. నేను కొన్న ఏ ప్యాకెట్ మీదా అది లేదు.

ఇప్పుడు పాత పంచె ముక్కలు, ఒక ఫ్లాస్కు నీళ్లతో గడుపుతున్నాం. ఉతుకుడు చాకిరీ తప్పదు, ముసురు పట్టిన రోజుల్లో ఆరవు కనుక రెట్టింపు ముక్కలు ఉంచుకోవాలి. ప్రయాణాల సంచిలో సువాసన లేని చిన్న ప్యాకెట్ ఒకటి ఉంటుంది. దానితో తుడిచినా తర్వాత నీళ్లతో కడుగుతాం, వైప్‌ను కాగితంలో చుట్టి చెత్తబుట్టలోనే వేస్తాం.