చలికాలంలో ఇంటి గోడలు, పెంకులు కడిగించాం (బెంగళూరు, రామ్మూర్తినగర్)

సంక్రాంతి అయిన వారం మా ఇంటి బయట గోడలు, ముందు పోర్టికో మీద మంగుళూరు పెంకులు, మేడ మీద పిట్టగోడ మొత్తం కడిగించాం. మాది రామ్మూర్తినగర్ వైపు, 30 బై 40 సైటు, కట్టి పన్నెండేళ్ళు దాటింది. చేసింది కంపెనీ వాళ్ళు కాదు, బోర్డు కూడా లేదు, పుంగనూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఇద్దరు అన్నదమ్ములు, ఒక పాత వ్యాన్, అందులో ప్రెషర్ వాషర్ (నీళ్ళు బలంగా కొట్టే మెషిన్) ఒకటి, నిచ్చెనలు రెండు, తోటలో మందు కొట్టే పంపు ఒకటి. వాళ్ళని అడక్కుండా పేర్లు, నంబర్ పెట్టడం బాగోదు కాబట్టి పెట్టట్లేదు. కానీ పని ఎలా చేశారో మాత్రం పూర్తిగా రాస్తా, ఎందుకంటే ఇదే పని రెండేళ్ళ కిందట వేరేవాళ్ళతో చేయించుకుని ఇంటికి చాలా నష్టం తెచ్చుకున్నాం.

అప్పుడు డిసెంబర్. పొద్దున ఏడింటికే వచ్చేశారు, ఇంకా మంచు కూడా విడలేదు, రాగానే మెషిన్ ఆన్ చేసి గన్‌కి ఎర్ర నాజిల్ పెట్టి గోడ మీద కొట్టడం మొదలుపెట్టారు. ఎర్ర నాజిల్ అంటే సున్నా డిగ్రీలు అని, నీళ్ళు విచ్చుకోకుండా సూదిలా ఒకే చోట పడతాయని నాకప్పుడు తెలీదు. ఉత్తరం వైపు గోడకి పెయింట్, దాని కింద పుట్టీ కలిపి చారలు చారలుగా ఊడొచ్చేసింది. పెంకులకైతే కింద నిలబడి పైకి కొట్టారు, పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేది పైనుంచి జారే వాననీళ్ళ కోసం కదా, కింద నుంచి కొడితే నీళ్ళన్నీ సందుల్లోంచి లోపలికి పోయి చెక్క వాసాలు తడిసిపోయాయి. ఆ చలికి అవి ఆరడానికి ఎన్ని రోజులు పట్టిందో, వాసన మాత్రం నెల దాకా పోలేదు. కాంపౌండ్ గోడ మీద మరకలు పోవట్లేదని బాత్రూం యాసిడ్ పోశారు, యాసిడ్ సిమెంట్‌ని తినేస్తుంది, ఇప్పటికీ అక్కడ చెయ్యి పెడితే ఇసుక రాలుతుంది. ఇంత చేసినా మొదటి వానలకే నలుపు మళ్ళీ వచ్చేసింది.

అందుకే ఈసారి కడిగించాలంటే మా అత్తమ్మ అసలు ఒప్పుకోలేదు. ఎండాకాలంలో చూద్దాంలే, ఈ చలిలో ఎందుకు అంది. నాకూ భయమే. కానీ ఫిబ్రవరిలో పెయింట్ వేయించాలి, నలుపు మీద పెయింట్ వేస్తే పెచ్చులే మిగుల్తాయి.

ఈ అన్నదమ్ముల్లో పెద్దతను ముందురోజు సాయంత్రం వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. గోడ మీద గోరుతో గీకి, "ఇది మట్టి కాదక్కా, నాచు. పైపైన కొట్టేస్తే పోయినట్టే ఉంటాది, లోపల వేరు బతికే ఉంటాది. దీన్ని ముందు చంపాల, తర్వాతే కడగాల" అన్నాడు. ఉత్తరం గోడే ఎందుకు ఎక్కువ నల్లగా ఉందో కూడా అతనే చెప్పాడు, చలికాలం పొద్దు దక్షిణం వైపు నుంచే పోతుంది కదా, ఆ గోడకి ఎండే తగలదు, అక్టోబర్ వానల తడి అలాగే ఉండిపోతుందట. పన్నెండేళ్ళుగా ఆ గోడ చూస్తున్నా ఆ సంగతి నాకు తట్టలేదు.

పొద్దున ఎన్నింటికి వస్తారు అంటే తొమ్మిదిన్నర అన్నాడు. అంత లేటా అని అడిగితే, "పెంకుల మీద మంచు ఆరనీండక్కా, కాలు జారితే కష్టం. పైగా చల్లటి గోడ మీద మందు సరిగ్గా పట్టదు" అన్నాడు. ఇది నిజమే, తర్వాత ఆలోచిస్తే చిన్నప్పుడు కెమిస్ట్రీలో చెప్పిన విషయమే, వేడి పది డిగ్రీలు తగ్గితే రసాయన చర్య వేగం దాదాపు సగానికి పడిపోతుంది. జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు ఉంటుంది, మధ్యాహ్నానికి 27 దాకా పోతుంది. అంటే అదే మందు పొద్దున ఏడింటికి కొడితే ఒకలా, పదకొండింటికి కొడితే ఇంకోలా పనిచేస్తుంది. పాతవాళ్ళకి ఈ ఓపిక లేకే అంతా బలంతో లాగేయాలని చూశారు.

మందు అంటే హైపో, అదే సోడియం హైపోక్లోరైట్ అనే బ్లీచ్ ద్రావణం, నీలం క్యాన్లలో వస్తుంది. పాత స్టాక్ అయితే పవర్ తగ్గిపోయి ఉంటుందని ఆ వారమే కొన్నది తెచ్చారు. గోడలకి లీటర్ హైపోకి నాలుగు లీటర్ల నీళ్ళు కలిపి, మందు కొట్టే పంపుతో కింద నుంచి పైకి నెమ్మదిగా తడిపారు. ప్రెషర్ మెషిన్ అప్పటికి వ్యాన్ లోంచి దింపనే లేదు. ఎండాకాలమైతే పది నిమిషాలు చాలట, ఈ చలికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఉంచారు, ఉత్తరం గోడకి రెండోసారి కూడా కొట్టారు. ఇక్కడ నాకు బాగా నచ్చిన మాట ఒకటి చెప్పాడు. ఈ పనికి మా బెంగళూరు చలి మంచిదేనట. ఏప్రిల్‌లో గోడ కాలిపోతుంటుంది, మందు కొట్టిన ఐదు నిమిషాలకే ఆరిపోయి తెల్ల చారలు పడతాయి, లోపలికి దిగేలోపే అయిపోతుంది. చలిలో నెమ్మదిగా పనిచేసినా తడి నిలుస్తుంది కాబట్టి పూర్తిగా పనిచేస్తుంది, కావాల్సిందల్లా ఆగడం. నా కళ్ళ ముందే నల్ల గోడ ముందు గోధుమ రంగుకి, తర్వాత లేత పసుపుకి, చివరికి తెల్లగా తిరిగింది, ఒక్క చుక్క ప్రెషర్ లేకుండా.

ఆ సాయంత్రం మా అక్కకి వీడియో కాల్‌లో చూపించా. అక్క వాళ్ళు మిన్నియాపోలిస్‌లో ఉంటారు. మీకు అదేం చలే, మాకైతే నవంబర్ దాటితే ఎవరూ గన్ పట్టుకోరు అంది. అక్కడ నాలుగైదు డిగ్రీలకి దిగిందంటే చాలామంది ఇంటి బయట కడిగే పని ఆపేస్తారట, పగలు సరే అనిపించినా రాత్రికి గడ్డకడితే కష్టం. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి కదా, గోడ పగుళ్ళలో, సైడింగ్ (గోడకి బయట బిగించే పలకలు) వెనకాల దూరిన నీళ్ళు ఉబ్బి పగుళ్ళని పెద్దవి చేస్తాయి, మెట్ల మీద పడ్డవి అద్దంలా అయిపోతాయి. మెషిన్ పంపులో కొంచెం నీళ్ళు మిగిలినా పంపే పగిలిపోతుందని చలికాలం లోపల పెట్టేముందు యాంటీఫ్రీజ్ (గడ్డకట్టనివ్వని ద్రవం) పోస్తారట. వాళ్ళ కప్పు షింగిల్స్‌ది, అంటే రాతి పలుకులు అద్దిన తారు పలకలది, దాని మీద ప్రెషర్ వాషర్ వాడొద్దని షింగిల్స్ తయారుచేసే వాళ్ళే గట్టిగా చెప్తారు, పైన ఉండే రాతి పలుకులు రాలిపోతాయి. అక్కడా బ్లీచ్ నీళ్ళు పోసి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి మామూలు పైపుతో కడగడమే. మా పుంగనూరు తమ్ముడు చెప్పిందే అమెరికా వాళ్ళూ చేస్తున్నారన్నమాట! ఇక్కడ గడ్డకట్టే బెంగ ఎలాగూ లేదు, బెంగళూరులో ఇప్పటిదాకా రికార్డు చలి 1884 జనవరిలో 7.8 డిగ్రీలు, ఇక్కడ చలికాలం అసలు ఇబ్బంది మంచు, ఆరకపోవడం, అంతే.

పెంకుల దగ్గర వీళ్ళ పనితనం ఇంకా బాగా కనపడింది. పెంకుల మీద కాలు పెట్టకుండా వాసాలు ఉన్న చోట అడ్డంగా పలకలు వేసుకుని వాటి మీద నిలబడ్డారు. పైనుంచి కిందకి, వాన పడే దిక్కులోనే నీళ్ళు పోశారు. ఇక్కడ మెషిన్ వాడారు కానీ తెల్ల నాజిల్‌తో, అది 40 డిగ్రీలు, విసనకర్రలా విచ్చుకుంటుంది, అది కూడా రెండడుగుల దూరం నుంచి. ఒక్క పెంకు పగల్లేదు. పాతవాళ్ళు పగలగొట్టిన నాలుగు పెంకుల్లో రెండింటిని వీళ్ళే మార్చిపెట్టారు, మేం తెచ్చిపెట్టుకున్న కొత్త పెంకులు ఉంటే.

మొదలుపెట్టేముందు చేసిన పనులే ఈ రివ్యూలో ముఖ్యమైనవి అని నా అభిప్రాయం. వాననీళ్ళు సంపులోకి పోయే పైపుని ఫిల్టర్ దగ్గర విప్పేసి రోడ్డు మోరీ వైపు తిప్పారు. బెంగళూరులో 2009 నుంచి వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు కాబట్టి చాలా ఇళ్ళకి ఈ పైపు ఉంటుంది, హైపో నీళ్ళు నేరుగా సంపులోకి దిగితే ఇంటిల్లిపాదీ అవే నీళ్ళు వాడుకోవాలి. పోయినసారి వచ్చినవాళ్ళు పైపు సంగతి అడగనే లేదు, మాకూ తోచలేదు, ఇప్పుడు తల్చుకుంటే భయమేస్తుంది. ట్యాంక్ మూతలు బిగించి టేప్ వేశారు. తులసి, కరివేపాకు చెట్టు, కుండీలు అన్నిటికీ ముందు బాగా నీళ్ళు పోసి తర్వాత పట్టా కప్పారు. బయట మోరీ దగ్గర ఉన్న యాసిడ్ సీసా మా అత్తమ్మ చేత తీయించేశారు, హైపో, యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరి ఆడదు. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

నీళ్ళ విషయం. కావేరి నీళ్ళు పెట్టొద్దని వాళ్ళే అన్నారు. 2024 మార్చిలో ఎద్దడి వచ్చినప్పుడు కార్లు కడగడానికి, తోటలకి తాగేనీళ్ళు వాడితే 5000 జరిమానా అని జలమండలి ఆర్డర్ వేసింది గుర్తుందా, ఆర్డర్ సంగతి పక్కన పెట్టినా వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసుకుని తెచ్చే నీళ్ళు గోడకి కొట్టడం నాకైతే మనసొప్పదు. మా బోర్ నీళ్ళే వాడాం. మెషిన్ నిమిషానికి పది లీటర్లు లాగుతుంది, రెండు రోజుల్లో కలిపి గన్ ఆన్‌లో ఉన్నది రెండున్నర గంటలు, అంటే 1500 లీటర్లు. పాతవాళ్ళు పొద్దంతా కొడుతూనే ఉన్నారు, మధ్యలో సంపే ఖాళీ అయింది.

లోపాలు కూడా చెప్పాలి. వస్తానన్న రోజు రాలేదు, ఫోన్ కూడా చేయలేదు, మర్నాడు వచ్చి వేరే చోట పని తెమల్లేదు అన్నారు, మా ఆయన ఆ రోజు సెలవు పెట్టుకుని కూర్చున్నారు. రెండోది కొంచెం పెద్దది, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం మూయడం మర్చిపోయారు, అందులోంచి నీళ్ళు లోపలికొచ్చి మిక్సీ పెట్టే ప్లగ్ బోర్డ్ తడిసింది. మెయిన్ ఆపి, రెండు రోజులు ఆరబెట్టి ఎలక్ట్రీషియన్‌కి చూపించాకే వాడాం. ఎలక్ట్రీషియన్ డబ్బులు వాళ్ళ బిల్లులోంచి వాళ్ళే తగ్గించుకున్నారు, అడక్కముందే. అయినా మీరు చేయిస్తే ఫ్యాన్ కన్నాలు, బయటి స్విచ్చులు, ఏసీ అవుట్‌డోర్ మీరే ఒకసారి తిరిగి చూసుకోండి.

మొత్తం 9500 తీసుకున్నారు, హైపోతో కలిపి. పోయినసారి 6000 ఇచ్చాం, ఆ తర్వాత పుట్టీ, వాసాల రిపేర్లకి దానికి మూడింతలు పోయింది.

పెయింట్ మాత్రం వెంటనే వేయొద్దన్నారు. గోడ పైకి ఆరినట్టే ఉంటుంది కానీ లోపల తడి ఉంటుందట, చలికాలం రాత్రి మంచు మళ్ళీ పట్టేస్తుంది. ఒక ప్లాస్టిక్ ముక్క గోడకి నాలుగు వైపులా టేప్ వేసి అంటించి ఒక రోజంతా ఉంచమన్నారు, లోపల చెమ్మ కనపడితే ఇంకా ఆగాలి. దక్షిణం గోడ నాలుగో రోజుకే పొడిగా ఉంది, ఉత్తరం గోడకి పదకొండు రోజులు పట్టింది. పెయింటర్‌కి కూడా పొద్దున పది ముందు, సాయంత్రం నాలుగు తర్వాత బ్రష్ పెట్టొద్దని చెప్పమన్నారు, చెప్పా, అతను కొంచెం గొణిగినా పాటించాడు. ఇప్పుడు ఆ గోడ చూసి మా అత్తమ్మ పక్కింటి వాళ్ళని పిలిచి మరీ చూపిస్తోంది.

వాననీళ్ళ పైపు మాత్రం ఇంకా తగిలించలేదు. మొదటి వాన నీళ్ళు పూర్తిగా బయటికి పోనిచ్చి, రెండో వానకి ఫిల్టర్‌కి కలుపుకోమన్నారు తమ్ముళ్ళు. ఇంకా వాన పడలేదు, పైపు మోరీ వైపే తిప్పి ఉంది.