ఫైర్ లైన్ (మంట దాటకుండా ఆకు, గడ్డి తీసేసి ఉంచే ఖాళీ పట్టీ) కోసం ఆకులూదే బ్లోయర్ కొన్నా, రెండు సీజన్లు వాడాక చెప్తున్నా

మా మామిడి తోట నల్లమల అంచున, అచ్చంపేట వైపు. గట్టు దాటితే టేకు అడవే. ఫిబ్రవరి వచ్చేసరికి ఎండాకు పాదాలు మునిగేంత పడి ఉంటుంది, కొత్త గడ్డి మొలవాలనో, ఇప్పపూలు ఏరుకోడానికి నేల కనపడాలనో ఎవరో ఒకరు అగ్గి పెడతారు, అది నేలబారుగా పాక్కుంటూ మా కంచె దాకా వచ్చేస్తుంది. మూడేళ్ల కిందట రెండు వరసల చెట్లు, డ్రిప్ పైపులు పోయాయి.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో బ్లోయర్లు వాడుతున్నారని తెలిసి నేనూ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒకటి కొన్నా. వీపున తగిలించుకునే టూ స్ట్రోక్ పెట్రోల్ మిషన్, పదమూడు వేలు.

ఆకు ఊదడంలో వంక పెట్టడానికి లేదండీ. నలుగురు చీపుర్లతో రెండు రోజులు చేసే పని ఒక్కడినే ఒక పూటలో ముగించా. కానీ బోదగడ్డి, లాంటానా పొదలు దీనికి కదలను కూడా కదలవు. మొదటి ఏడాది అది తెలీక ఆకు ఊదేసి మురిసిపోయా, మార్చిలో మంట గడ్డి పట్టుకుని లైన్ దాటేసింది. ఇప్పుడు డిసెంబర్‌లోనే మా పట్టా హద్దు లోపల మూడు మీటర్ల వెడల్పున గడ్డి కోయిస్తా, ఆ తర్వాతే మిషన్ బయటికి తీసేది. (హద్దు అవతల రిజర్వ్ ఫారెస్ట్, అక్కడ కొమ్మ కొట్టాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే.) ఊదిన ఆకు లైన్ పక్కనే కుప్పపడితే అదే చితి అవుతుంది, పలచగా చెదరగొట్టాలి. పొద్దున్నే మంచుకి తడిసిన ఆకు లేవదు. చెట్లు రాలుస్తూనే ఉంటాయి కాబట్టి పది పదిహేను రోజులకోసారి మళ్లీ తిరగాలి.

చిన్న మంటైతే దాని ముందున్న ఆకు ఊదేస్తే మేత లేక ఆగిపోతుంది. గొట్టం నేరుగా మంట మీదికి పెట్టారో, కొలిమి తిత్తే! వేడి ఇంజన్లో పెట్రోల్ పోయకండి, ఎండాకు మీద దించకండి.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఉచితంగా పంపే మంటల అలర్టులకి కూడా నంబర్ ఇచ్చి పెట్టుకోండి. అయితే ఆ అలర్టులకి ఆధారమైన ఉపగ్రహానికి కనిపించే ఒక్కో చుక్క 375 మీటర్ల వెడల్పు, పైగా అది రోజుకి కొన్నిసార్లే మన మీదుగా వెళ్తుంది, దాన్ని నమ్ముకుని లైన్ మానేయొద్దు.

ఈ మిషన్‌కి రేటింగ్‌లో ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, స్టార్టర్ తాడు రెండో నెలకే తెగింది. షాపాయన రేపు, ఎల్లుండి అంటూ నెల తిప్పాడు. మా ఊరి బైక్ మెకానిక్ నైలాన్ తాడు కట్టిచ్చాడు, ఇప్పటికీ దాంతోనే లాగుతున్నా.