ఒకే నంబర్ పదే పదే కనిపిస్తోందా? దాని మీద రిపోర్టులు అమ్మేవాళ్లతో జాగ్రత్త

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగువాళ్లందరికీ. "మీకు ఒకే నంబర్ మళ్లీ మళ్లీ కనిపిస్తోందా? పోయిన మీవాళ్లు మీతో మాట్లాడుతున్నారు" అంటూ తెలుగులో, హిందీలో చిన్న చిన్న వీడియోలు తిరుగుతున్నాయి. కింద ఒక వాట్సాప్ నంబర్ ఉంటుంది. దాన్ని నొక్కి నేను 6,399 రూపాయలు పోగొట్టుకున్నాను. రాయగడలో ఉండే మా వదిన 999 దగ్గర ఆగింది, నాకంటే తెలివైనది.

ముందు నా సంగతి చెప్తాను, లేకపోతే ఇంత తేలిగ్గా ఎలా పడ్డాడని మీకు అర్థం కాదు.

మా నాన్న పోయి ఏడాదిన్నర. ఆయన పాత స్కూటర్ నంబర్లో చివరి నాలుగంకెలు 1936. కోరి తీసుకున్నది కాదు, అలా పడింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడే కదా మన గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఇటు వచ్చింది. "మనం గీతకి ఇవతల పడ్డ సంవత్సరాన్ని నా బండికే రాసేశారురా" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. ఏటా ఉత్కళ దివస్ రోజున ఆ స్కూటర్ కడిగి బొట్టు పెట్టేవారు.

ఆయన పోయాక నాకు 36 కనబడటం మొదలైంది. కొట్టు షట్టర్ దించి ఫోన్ చూస్తే 9:36. ఇచ్ఛాపురం దారిలో ముందు పోతున్న లారీ వెనక 36. ఒక రోజు పట్టుచీర బిల్లు చింపబోతే నంబర్ 236. చెయ్యి అక్కడే ఆగిపోయింది, ఎదురుగా చీర కొన్నావిడ "ఏమైంది బాబూ" అని అడిగింది. అలా కనబడినప్పుడల్లా నాన్న వచ్చి ఒకసారి చూసి వెళ్లినట్టుండేది. అందులో నాకు ఇప్పటికీ సిగ్గేమీ లేదు.

ఆ వీడియోకి మెసేజ్ పెడితే ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. నా పేరు, పుట్టినతేదీ, అమ్మ పేరు, బండి నంబర్, నాన్న పోయిన రోజు, సమయం అడిగాడు. "మనసులో ఉన్నదంతా వాయిస్ మెసేజ్ పెట్టండి, లెక్క బాగా కుదురుతుంది" అన్నాడు. పెట్టాను, ఎనిమిది నిమిషాలు. తర్వాత 999 కట్టమని క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేస్తే వీడియోలో ఉన్న పేరు కాదు, వేరే ఎవరి పేరో వచ్చింది. అక్కడే ఆగాల్సింది.

22 పేజీల పీడీఎఫ్ వచ్చింది. 3, 6 కలిపితే 9, తొమ్మిదికి అధిపతి కుజుడు, మీకు కోపం ఎక్కువ, మనసు మంచిది, కష్టానికి తగ్గ ఫలితం రావట్లేదు. ఎవరికి కుదరదు ఇది?

మర్నాడు ఫోన్ చేశాడు. హిందీలో 36 అంటే పడని మనుషులట, దేవనాగరిలో రాస్తే 3, 6 ఒకదానికొకటి వీపు తిప్పుకుని ఉంటాయట. ఆ నుడికారం నిజమే, హిందీవాళ్లు అంటారు. దాన్ని పట్టుకుని, "మీ నాన్నగారు మీ వైపు ఎడమొహం పెట్టి ఉన్నారు. చివర్లో మీరు పక్కన లేరు కదా" అన్నాడు. నాకు గుండె జారిపోయింది. నాన్న పోయిన రాత్రి నేను కొట్లో ఉన్నాను, పెళ్లిళ్ల సీజను. అది వీడికెలా తెలిసిందని రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే 5,400 కట్టేశాను. పది రోజుల తర్వాత నా వాయిస్ మెసేజ్ నేనే వింటే అర్థమైంది. ఐదో నిమిషంలో ఆ మాట నేనే చెప్పాను.

ఆ 5,400కి వచ్చింది అరచేతి సైజు రేకు. "అచ్చమైన రాగి, 21 రోజులు జపం చేసింది" అని రాశారు. గుండుసూదులు ఏరడానికి కొట్లో ఉంచే అయస్కాంతం పక్కన పెడితే టక్కున అతుక్కుంది. రాగి అయస్కాంతానికి అంటదు. మా ఆవిడ చింతపండు వేసి గట్టిగా తోమితే మూలన ఎరుపు పోయి తెల్లటి ఇనప రేకు బయటపడింది. ఆ విషయం చెప్తే, శాంతి పూజకి 18,000 కడితే అన్నీ సర్దుకుంటాయన్నాడు.

అప్పుడు వదినకి ఫోన్ చేశాను. ఆవిడ గొంతు తగ్గించి, "నేనూ తీసుకున్నాను మరిదీ" అంది. ఆవిడకి కనబడే నంబర్ 18. రాయగడలో ప్రతి బండి మీదా ఓడీ 18 ఉంటుంది, 18 కనబడక ఏం కనబడుతుంది! 1, 8 కలిపినా తొమ్మిదే. రెండు పీడీఎఫ్‌లూ పక్కపక్కన పెట్టి చూశాం, అక్షరం తేడా లేదు. ఆవిడ దాంట్లో ఏడో పేజీలో మాత్రం పేరు మార్చడం మర్చిపోయారు, ఎవరో మగమనిషి పేరుంది. ఏ నంబరైనా కూడుకుంటూ పోతే 1 నుంచి 9 లోపే తేలుతుంది కాబట్టి తొమ్మిది పీడీఎఫ్‌లు ఉంటే వ్యాపారం నడిచిపోతుంది. వాళ్ల రేట్లు కూడా చూడండి: 999, 5,400, 18,000. నాకు పోయిన 6,399 కూడా కూడితే తొమ్మిదికే వస్తుంది, అదొక్కటే వాళ్లు నిజాయితీగా చేసిన లెక్క.

గడియారంలో 36వ నిమిషం రోజుకి 24 సార్లు వస్తుంది. వంద బిల్లుల బుక్కులో 36తో ముగిసేది ఒకటి తప్పకుండా ఉంటుంది. ఇంట్లో పెళ్లి కుదిరితే ఊళ్లో అన్నీ పెళ్లి ఊరేగింపులే కనబడినట్టు, మనసు ఒకదాని మీద పడితే అదే కంటికి తగులుతుంది, మిగతావి గుర్తుండవు. స్టాన్‌ఫర్డ్ భాషాశాస్త్రవేత్త ఆర్నాల్డ్ జ్వికీ 2005లో దీనికి ఫ్రీక్వెన్సీ ఇల్యూజన్ అని పేరు పెట్టారు. ఇది తెలిశాక కూడా నిన్న రాత్రి 9:36 చూసి నాన్న గుర్తొచ్చారు. రానివ్వండి, దానికెవరికీ డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే డబ్బు అకౌంట్లు మారిపోతుంది. నేను పన్నెండు రోజులు సిగ్గుపడుతూ కూర్చున్నాను, అందుకే నాది ఇంకా తిరిగి రాలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు ఇచ్చాను. అమ్మినవాడు ఎక్కడున్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేసుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. చాట్, క్యూఆర్ స్క్రీన్‌షాట్, కొరియర్ కవరు ఏదీ పారేయకండి. మా ఆవిడ ఆ కవరు చెత్తలో వేసేసింది, మళ్లీ వెతికి తీశాం.

పుట్టినతేదీ, అమ్మ పేరు లాంటివి ఇచ్చేసినవాళ్లు, వాటితో పెట్టుకున్న పిన్నులు, పాస్‌వర్డులు ఈ రోజే మార్చుకోండి. కేసు నడుస్తోంది కాబట్టి వాళ్ల పేరు ఇక్కడ రాయట్లేదు. మీకు ఇలాంటి పీడీఎఫ్ వచ్చి ఉంటే చెప్పండి, మా రెండింటి ఏడో పేజీ ఫోటోలు పేర్లు కొట్టేసి పంపుతాను, మీదాంతో పోల్చి చూసుకోండి.