మధురవాడ దగ్గరి ఒక నర్సరీ: కూరగాయల నారుకు వెళ్లవచ్చు, పూల మొక్కల దగ్గర జాగ్రత్త

మిద్దె తోటకు ఉగాదిలోపు కావలసిన నారు, పూల మొక్కలు, మట్టి కొనడానికి ఫిబ్రవరి చివర్లో మధురవాడ వైపు జాతీయ రహదారి పక్కనున్న ఒక నర్సరీకి వెళ్లాము. కూరగాయల విభాగం నమ్మదగినది. పూల విభాగం కంటికి ఇంపుగా ఉంటుంది గానీ, అక్కడ అమ్ముతున్న వాటిలో చాలావరకు విశాఖ వేసవికి నిలిచేవి కావు.

వంగ, మిరప నారును ప్రోట్రేలలో (చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లాలలో), కొబ్బరి పొట్టులో పెంచుతున్నారు. వేళ్ల చుట్టూ గడ్డ చెదరకుండా మొక్క బయటికి వస్తుంది కనుక, సాయంత్రం పూట నాటితే పెద్దగా వాడిపోకుండానే నిలదొక్కుకుంటుంది. టమాటా నారు కూడా బాగుంది, కానీ దానికి కాలం మించిపోయింది. ఇక్కడ ఏప్రిల్ నుంచి రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 25 డిగ్రీల పైనే ఉంటుంది. ఆ వేడికి పుప్పొడి దెబ్బతిని, మొక్క ఎంత ఏపుగా ఉన్నా పూత రాలిపోతుంది. ఈ మాట అమ్మేవారు చెప్పరు. బీర, సొర, కాకర నారు మాత్రం కొనవద్దని అక్కడ పనిచేసే పెద్దాయనే చెప్పారు: "గింజలే ఎట్టుకోండమ్మా, నారు దండగ." ఆయన మాట నిజం. తీగజాతి మొక్కల వేళ్లు కదిలితే ఎదుగుదల కుంటుపడుతుంది. బెండకు తల్లివేరు లోతుగా దిగుతుంది కనుక దాన్నీ నేరుగా విత్తుకోవడమే మేలు.

విత్తనాల అరలో బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క అనామిక బెండ దొరికింది. తెల్లదోమ వల్ల వ్యాపించే, ఆకుల ఈనెలు పసుపుబారే పల్లాకు తెగులును తట్టుకునేలా ఈ రకాన్ని రూపొందించారు, అయితే ఆ తట్టుకునే శక్తి ఇప్పుడు చాలాచోట్ల తగ్గింది. ప్యాకెట్టు మీద మొలక శాతం, పరీక్షించిన తేదీ స్పష్టంగా ఉన్నాయి. ధ్రువీకరించిన బెండ విత్తనానికి కనీస మొలక 65 శాతం ఉండాలన్నది ప్రమాణం. అయితే తోటకూర, గోంగూర, బచ్చలి విత్తనాలను ఏ చీటీ లేని పలుచని కవర్లలో కట్టి అమ్ముతున్నారు. చవకే గానీ, అవి ఏ ఏటి గింజలో అడిగితే జవాబు రాలేదు.

ఇక పూలు. ప్రవేశద్వారం నుంచి లోపలి దాకా పెటూనియాలు, డాలియాలు, చామంతులు విరగబూసి ఉన్నాయి. ఇవన్నీ చలికాలపు పూలు, ఫిబ్రవరిలో చివరి విడత పూస్తున్నవి. పూత చూసి కొనే అలవాటు మనకున్నంత కాలం ఈ వ్యాపారం ఇలాగే సాగుతుంది. వేసవికి నిలిచే జీనియా, బొగడబంతి, గడ్డిగులాబీలను వెనక వరుసలో, పూత లేని చిన్న మొక్కలుగా పెట్టారు. వెతికి అడిగితేనే చూపించారు. మల్లె మొక్కలు మాత్రం మెచ్చుకోదగ్గవి, కత్తిరింపు చేసినవి, కొత్త చిగుళ్లతో ఉన్నాయి. ఢిల్లీ కనకాంబరం కొమ్మ మొక్కలు కూడా ఉన్నాయి. ఈ రకం గింజ కట్టదు, కొమ్మల ద్వారానే పెంచాలి, కాబట్టి దాని విత్తనాలంటూ ఎవరైనా అమ్మితే అనుమానించవలసిందే.

సిద్ధంగా కలిపిన మట్టి నాకు నచ్చలేదు. అందులో ఎర్రమట్టి వాటా ఎక్కువ. తడిస్తే బరువెక్కి, ఎండితే బిగుసుకుపోతుంది. ఒక ఘనపుటడుగు తడిమట్టి సుమారు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది కనుక, పాత భవనాల మిద్దె మీద ఈ సంగతి ఆలోచించాలి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి, కొబ్బరి పొట్టు విడివిడిగా కొని ఇంటి దగ్గర కలుపుకోవడం మంచిది. ఇటుకలా అచ్చుపోసి అమ్మే కొబ్బరి పొట్టును నానబెట్టాక, ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు మంచినీటితో కడగాలి. ఆ సూచన ఇటుక కవరు మీద చిన్న అక్షరాల్లో ఉంది, కొట్టులో ఎవరూ చెప్పలేదు.

బస్తాలను ఇంటికి చేరుస్తారు, మేడ ఎక్కించడానికి విడిగా తీసుకుంటారు. ఆ మొత్తం ముందే మాట్లాడుకోవాలి. లిఫ్టు లేని ఇళ్లకు అంతస్తు లెక్కన అడుగుతారు. ఆదివారం రద్దీలో నారు ఏరుకోనివ్వరు కనుక మామూలు రోజుల్లో ఉదయం పూట వెళ్లడం మంచిది.