బల్బు అమ్మే ముందు కరెంటు కొలిచే దుకాణం

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద పేరు పలక కూడా లేని ఒక చిన్న ఆటో ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. పాత కారు బయటి లైట్లతో ఇబ్బంది పడుతున్నవారికి అది ఎంత ఉపయోగపడుతుందో వివరంగా చెప్పదలిచాను. ప్రైవేటు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తరువాత అయిదేళ్లకొకసారి దాన్ని పొడిగించుకోవాలంటే బండిని తనిఖీకి చూపించాలి. నా మారుతి 800కు ఆ సమయం రావడంతో హెడ్‌లైట్లు మొదలుకొని నంబరు ప్లేటు లైటు దాకా అన్నీ సరిచేయించాలని ఈ దుకాణానికి తీసుకువెళ్లాను.

ముఖ్యమైన సమస్య హెడ్‌లైట్లది. వేరొక చోట కొత్త బల్బులు వేయించినా వెలుతురు పసుపుపచ్చగా, నీరసంగానే ఉండేది. యాసంగి కోతల కాలంలో మిర్యాలగూడ రోడ్డు మీద రాత్రిపూట వెనుక లైట్లు లేని వడ్ల ట్రాక్టర్లు ఎదురయ్యే సంగతి ఈ ప్రాంతంలో బండి నడిపే ప్రతి ఒక్కరికీ తెలుసు. అలాంటి దారిలో ఆ వెలుతురును నమ్ముకొని వెళ్లడం ప్రమాదకరం. నా ఫిర్యాదు విన్న మేస్త్రీ కొత్త బల్బు పెట్టె తెరవకుండా, ముందు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, ఆ తరువాత లైట్లు వెలుగుతుండగా బల్బు హోల్డర్ దగ్గర మీటరు పెట్టి వోల్టేజి చూశారు. రెండింటి మధ్య తేడా నాకు చూపించి, "సార్, బల్బు మంచిగనే ఉన్నది, దానికి కరెంటే సరిగ్గ అందుతలేదు" అన్నారు.

ఈ ఒక్క పరీక్ష కోసమైనా ఆ దుకాణాన్ని మెచ్చుకోవాలి. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు కూడా అంతే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది సుమారు 30 శాతం పడిపోతుంది. నా బండిలో ఎర్త్ వైరు, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి చేరే దారి, బాడీకి బిగించిన చోట తుప్పు పట్టింది, హోల్డర్ లోపలి పిన్నులకు చిలుము పట్టింది, పైగా హెడ్‌లైట్ల కరెంటంతా సన్నని వైర్ల ద్వారా స్టీరింగు పక్కనున్న స్విచ్చిలోంచే పోతోంది. ఆయన ఎర్త్ బిగించిన చోటును ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, వేడికి కమిలిన హోల్డర్లు మార్చి, బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసిన మందమైన వైరు తెచ్చి రిలేలు, అంటే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చిలు, బిగించారు. ఇప్పుడు స్విచ్చి మీద పడేది రిలేను పనిచేయించేంత కరెంటు మాత్రమే. దూరపు వెలుతురుకు 60, డిప్ (కిందికి వంచిన) వెలుతురుకు 55 వాట్లు తీసుకునే అవే హెచ్4 రకం హాలోజన్ బల్బులు ఆ తరువాత తెల్లగా వెలిగాయి.

వెనుక లైట్ల విషయంలోనూ అంతే శ్రద్ధ చూపారు. బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమవైపు ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతుంటే, వెనుక దీపానికి ఎర్త్ తెగిందని, వెళ్లే దారి లేని కరెంటు పక్క బల్బు ఫిలమెంట్ గుండా తిరిగి పోతోందని వెంటనే పోల్చుకున్నారు. బ్రేకు, పార్కింగ్ రెండింటికీ కలిపి వాడే బల్బులో 21 వాట్లది ఒకటి, 5 వాట్లది ఒకటి, రెండు ఫిలమెంట్లు ఉంటాయి. దాన్ని తిరగేసి పెట్టడానికి వీల్లేకుండా మొదలు దగ్గరి రెండు బొడిపెలను ఎత్తు తేడాతో చేస్తారు. బలవంతంగా తిరగేసి దూర్చిన బల్బుల వల్ల పార్కింగ్ లైటు బ్రేకు లైటంత కాంతితో వెలిగే బండ్లు మన రోడ్ల మీద కనిపిస్తూనే ఉంటాయి. ఇండికేటర్ ఒకవైపు మాత్రమే మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటే ఆ వైపు బల్బొకటి పోయిందని గుర్తు. నా బండిలో కుడివైపుది అలాగే దొరికింది.

ఎల్‌ఈడీ బల్బులు, 100 వాట్ల బల్బులు కూడా వేయమని ఆ రోజు నా పక్కనే ఇంకొకరు అడిగారు. అమ్ముకుంటే లాభం వచ్చే సరుకే అయినా మేస్త్రీ వద్దన్నారు. ఆయన చెప్పిన కారణాలు సరైనవి. హాలోజన్ దీపంలోని అద్దం, రిఫ్లెక్టర్ ఫిలమెంట్ ఉండే చోటును బట్టి తయారైనవి కాబట్టి, ఆ స్థానంలో ఎల్‌ఈడీ పెడితే వెలుతురు రోడ్డు మీద కాకుండా ఎదురు వచ్చేవారి కళ్లలో పడుతుంది. 100 వాట్ల బల్బు అయితే ఒక్కొక్కటి ఎనిమిది ఆంపియర్లకు పైగా లాగి పాత వైర్లను, హోల్డర్లను కాలుస్తుంది, పైగా నిబంధనలకు కూడా విరుద్ధం. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి రాత్రి ప్రయాణం చేసేవారు ఎదుటి బండి వెలుతురుకు కళ్లు మూసుకుపోయిన క్షణాలను గుర్తు చేసుకుంటే ఆ సలహా విలువ అర్థమవుతుంది.

కొత్త బల్బు గాజును ఆయన వేళ్లతో ముట్టుకోలేదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువగా వేడెక్కి బల్బు తొందరగా పోతుంది కాబట్టి పొడి గుడ్డతో దాని మొదలును పట్టుకొని అమర్చారు. ఇంట్లో సొంతంగా మార్చుకునేవారు కూడా ఇది పాటించాలి.

లోపాలు లేకపోలేదు. హెడ్‌లైట్ల దిశ సరిచేసే యంత్రం అక్కడ లేదు. బండిని గోడకు ఎదురుగా నిలిపి, డిప్ వెలుతురు గీత పది మీటర్ల దూరంలో దీపం ఎత్తుకన్నా ఇంచుమించు పది సెంటీమీటర్లు కిందికి దిగేలా స్క్రూలు తిప్పుతారు. పద్ధతి సరైనదే కానీ పట్టపగలు గోడ మీద ఆ గీత స్పష్టంగా కనిపించదు. అందువల్ల నేను పొద్దుగూకేదాకా ఆగి ఆ పని చేయించుకున్నాను. కూర్చోవడానికి నీడ తక్కువ, ఎండాకాలంలో కష్టం. ఒక్కరే పనిచేస్తారు కాబట్టి ముందున్న బండి పూర్తయ్యేదాకా వేచి ఉండాలి. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయినందున బల్బులు ఎక్కడైనా దొరుకుతున్నా, పగిలిన వెనుక దీపాల అద్దాలు మాత్రం ఆయన తెప్పించి ఇవ్వలేకపోయారు. వాటిని హైదరాబాదులో వెతుక్కోవలసిందే.

డబ్బు విషయంలో ఏ దాపరికమూ లేదు. బల్బులకు పెట్టె మీద ముద్రించిన ధరే తీసుకున్నారు, వైరు, రిలే, కూలి వేర్వేరుగా కాగితం మీద రాసిచ్చారు, తీసేసిన పాత హోల్డర్లను నా చేతికే అప్పగించారు. కంప్యూటరు పెట్టి చూడవలసిన కొత్త కార్లకు ఈ దుకాణం సరిపోదు. పాత బండి ఉన్నవారు సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో వెళితే వైర్ల పని ముగిసేసరికి చీకటి పడుతుంది, దీపాల దిశ కూడా అదే రోజు సరిచేయించుకోవచ్చు.