14416కి ఫోన్ చేశాను: టెలీ మానస్‌తో నా అనుభవం

టిఫా స్కాన్‌లో బిడ్డ గుండె సరిగ్గా లేదని తేలింది. 20వ వారంలో అబార్షన్. హాస్పిటల్‌వాళ్ళు డిశ్చార్జ్ కాగితం మీద మందులు రాశారు కానీ, పాలు వస్తాయని ఒక్కరూ చెప్పలేదు. మూడో రోజు జాకెట్ తడిసిపోయింది. అమ్మ పాతకాలం పద్ధతిలో మల్లెపూలు గుడ్డలో పెట్టి కట్టింది. పాలు తగ్గాయి, ఆ వాసన మాత్రం పట్టుకుంది. నెల తర్వాత మా ఆయన మూర పూలు తెస్తే బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

టెలీ మానస్ అంటే 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. పైసా ఖర్చు లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగు ఎంచుకోవచ్చు. రాత్రి రెండింటికి వంటింట్లో ఫ్రిజ్ పక్కన కూర్చుని చేశాను. అవతలావిడ "చెప్పండమ్మా" అని ఊరుకుంది. నేను ఏడ్చినంతసేపూ లైన్లోనే ఉంది. "మళ్ళీ పుడతారులే" అనలేదు. ఐదు స్టార్లూ దానికే.

పూల సంగతి చెప్పాను. ఆ వాసన తగిలితే పాదాలు నేలకు ఆనించి, కళ్ళెదుట ఉన్న ఐదు వస్తువుల పేర్లు పైకి అనమంది. ఇదేం పిచ్చి అనుకున్నా. గ్యాస్ స్టవ్, పోపుల డబ్బా, జల్లెడ... నాలుగోదానికి ఊపిరి అందింది. నిద్ర లేక మూడు వారాలైందని విని సైకియాట్రిస్ట్‌ను కలవమంది.

ఒక్క ఫోన్‌తో అంతా సర్దుకోదు. ఇప్పుడు నెలకు రెండుసార్లు కౌన్సెలింగ్‌కు వెళ్తున్నా. పెళ్ళిళ్ళకు ఇంకా వెళ్ళట్లేదు. అక్కడ అందరి జడల్లోనూ మల్లెలే.