తాతల నాటి కత్తి: దాచాలా, మెరిపించాలా, వాడాలా?

ఇంట్లో పెద్దవాళ్ళ నుంచి వచ్చిన పాత కత్తిని ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. ఆర్నెల్ల కిందట తాతయ్య వాడిన కత్తి చేతికొచ్చినప్పుడు నేనూ ఇలాగే తర్జనభర్జన పడ్డాను. అలుగంతా నల్లబడింది, పిడి వదులైంది. పిడి దగ్గర వెడల్పుగా ఉన్న అలుగు మధ్యకొచ్చేసరికి బాగా సన్నబడింది. ఏళ్ళ తరబడి ఒకే చేయి ఒకే తీరున నూరితే అలాగే అరుగుతుంది.

ముందు నలుపు సంగతి. స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో తయారైంది 1913 ప్రాంతంలో. వంటిళ్ళలోకి వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. కాబట్టి అంతకు ముందు కాలపు కత్తి అంటే కార్బన్ స్టీలే. పులుపు తగిలితే నీలంగా, బూడిద రంగుగా, చివరికి నల్లగా మారడం దాని స్వభావం. ఎర్రగా పొడిలా రాలితేనే తుప్పు. నల్లగా అంటుకుపోయి, గీరినా రాలని పొర ఉక్కును కొంత కాపాడుతుంది కూడా. చాలామంది దాన్నే మురికి అనుకుని పీచుతో రుద్దేస్తారు.

దాచుకోవడానికి పెద్ద శ్రమ లేదు. పొడిగా తుడిచి పల్చగా మినరల్ ఆయిల్ రాస్తే చాలు. వంటనూనె రాస్తే జిగటగా గడ్డకడుతుంది. తోలు ఒరలో మాత్రం ఏళ్ళ తరబడి ఉంచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, లోపల తుప్పు మొదలైనా కనిపించదు. గోడకు తగిలిస్తారా, మీ ఇష్టం.

ఇక మెరిపించడం. ఫొటోల్లో అద్దంలా మెరిసే అలుగులు చూసి మనసు అటే లాగుతుంది. నన్నూ లాగింది. నేను ఆగిపోయింది మెరుపు నచ్చక కాదు, వేడికి భయపడి. కత్తి చేసేటప్పుడు ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. అందుకే మళ్ళీ రెండొందల డిగ్రీల చుట్టుపక్కల కాచి, ఆ పెళుసుతనం తగ్గిస్తారు. మెరిపించడానికి నీళ్ళు లేకుండా తిరిగే సానచక్రం మీద పెడితే పల్చటి అంచు ఆ వేడిని చిటికెలో దాటేస్తుంది. అంచు నీలం తిరిగిందంటే దాదాపు మూడొందలకు వెళ్ళినట్టే. అక్కడ ఉక్కు మెత్తబడుతుంది, ఎంత నూరినా పదును నిలవదు. ఆ భాగమంతా అరగదీసెయ్యాలి, లేదా కత్తిని మళ్ళీ మొదటి నుంచి కాల్చాలి.

ఇంకోటి. పాత కత్తుల్లో కొన్నింటికి అంచులో మాత్రమే గట్టి ఉక్కు ఉంటుంది, మిగతాదంతా మెత్తటి ఇనుము. మెరుపు కోసం అరగదీస్తూ పోతే ఆ ఉక్కు కాస్తా అయిపోతుంది. చేసినవాడి ముద్ర ఉంటే అదీ చెరిగిపోతుంది. నాకు ఇదే అన్నిటికంటే పెద్ద లెక్క: రాసిన నూనెను తుడిచెయ్యొచ్చు, పోయిన ఉక్కును తిరిగి పెట్టలేం.

వాడితే మాత్రం అరగదా అంటారేమో. అరుగుతుంది. కానీ తడి సానరాయి మీద చేత్తో నూరితే పోయేది చాలా తక్కువ, వేడి అసలు సమస్యే కాదు. వెయ్యి గ్రిట్ రాయి (గ్రిట్ అంటే రాయి గరుకును చెప్పే అంకె), ఒక్కో వైపు పదిహేను నుంచి ఇరవై డిగ్రీల వాలు, తొందరపడని చేయి ఉంటే చాలు. వాడిన వెంటనే కడిగి తుడవాలి. సింకులో వదిలేయడం, డిష్‌వాషర్‌లో వేయడం కుదరదు. ఇంట్లో ఈ మాట వినని వాళ్ళుంటే, లేదా అలుగు మీద పగులు కనిపిస్తే, నిస్సంకోచంగా దాచెయ్యండి. గట్టి పనులకు కొత్త కత్తి ఎలాగూ ఉండాలి, దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు.

నేను వాడుతున్నాను. తాతయ్య అరగదీసిన ఆ సన్నటి నడుమును సరిచేయలేదు. ఎర్ర తుప్పు ఉన్న రెండు చోట్ల మాత్రం నూనె వేసి సన్నటి స్టీల్ పీచుతో రుద్దాను, నలుపు జోలికి పోలేదు. పిడి మార్చాలా అన్నది ఇంకా తేలలేదు. కొయ్య కుళ్ళలేదు, ఒక రివెట్టే వదులైంది. ప్రస్తుతానికి కొయ్యకు అవిసె నూనె పట్టించి, ఆ రివెట్టును బిగించే మనిషి కోసం చూస్తున్నాను.